మాట కన్నా చెవి ముందు!

'ఆలు లేదు, చూలు లేదు...' అని ఎవరైనా అనేసి ఆగిపోయారనుకోండి. వినేవాళ్లు ఊరుకోరు. సోమలింగం పేరు అప్పటికే వాళ్ల నాలుక చివర ఉంటుంది. 'చెప్పేవాడికి వినేవాడు...' అని సాగదీసినా అంతే. 'లోకువ' అన్న మాట చెప్పేవాడి నోట్లోంచి రాకముందే వినేవాడి బుర్రలో మోగుతుంది.

సామెతలంటే అందరికీ నోటికి వచ్చినవే కాబట్టి సరే అనుకోవచ్చు. కానీ ఎన్నడూ వినని వాక్యం విషయంలోనూ దాదాపు ఇదే జరుగుతుంది. 'పొయ్యి మీద పాలు...' అనగానే 'పొంగుతున్నాయి' అనే మాట కోసం చెవి సిద్ధమైపోతుంది. 'కండక్టర్ని చిల్లర...' అనగానే 'అడిగాడు' వస్తుందని తెలిసిపోతుంది. ఒకరు మాట్లాడతారు, అది పూర్తయ్యాక రెండోవాళ్లు అర్థం చేసుకుంటారు... సంభాషణ అంటే ఇంతే అనుకుంటాం. నిజానికి చెవి మాట వెనకాల నడవదు. వీలున్నప్పుడల్లా ఓ అడుగు ముందుంటుంది. రాబోయేదాన్ని ఊహించుకుంటూ, వచ్చినదానితో సరిచూసుకుంటూ పోతుంది. మనిషి ఇంత వేగంగా మాట్లాడగలగడానికీ, విన్నది అర్థం చేసుకోగలగడానికీ, గుర్తుపెట్టుకోగలగడానికీ ఆ ఊహే పెద్ద దన్ను. అది గురి తప్పితే వచ్చే చిక్కులూ తక్కువేం కాదు. సామెత వినేవాణ్ని లోకువ కట్టిందిగానీ, సగం పని చేసేది అతనే!

బిట్ పేపర్‌తో భాషకు కొలత

బళ్లో చదువుకున్న ప్రతివాళ్లకీ 'ఖాళీలను పూరించుము' అన్న ప్రశ్న గుర్తుండే ఉంటుంది. చిత్రం ఏంటంటే, భాషను కొలవడానికి శాస్త్రవేత్తలు పట్టుకున్న సాధనం కూడా ఇంచుమించు అదే.

ఈ లెక్కలకు ఆద్యుడు రష్యా గణిత శాస్త్రవేత్త ఆంద్రే మార్కోవ్. 1913లో ఆయన పుష్కిన్ కావ్యం 'యెవ్గేనీ అనేగిన్' ముందేసుకుని 20,000 అక్షరాలు చేత్తో లెక్కపెట్టారు. కావ్యరసం కోసం కాదు... అచ్చు తర్వాత ఏమొస్తుంది, హల్లు తర్వాత ఏమొస్తుంది అని తేల్చడానికి. ఒక అచ్చు తర్వాత మళ్లీ అచ్చే రావడం నూటికి 13 సార్లు మాత్రమే. హల్లు తర్వాత అచ్చు రావడం 66 సార్లు. అంటే ఇప్పుడున్న అక్షరం తెలిస్తే వచ్చే అక్షరం గురించి ఎంతో కొంత తెలిసినట్టే.

దీన్ని ఆటగా మార్చినవాడు అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన క్లాడ్ షానన్. 1951లో ఆయన ప్రచురించిన పరిశోధన వింటే ఎవరికైనా ఆడాలనిపిస్తుంది. ఎదుటి మనిషికి తెలియని ఓ పేరా తీసుకుంటారు. మొదటి అక్షరం ఏంటో చెప్పమంటారు. తప్పు చెబితే సరైనది చెప్పేసి రెండోది అడుగుతారు. అలా చివరిదాకా. మాటల మధ్య ఖాళీలతో కలిపి 129 అక్షరాలున్న పేరాలో 89 మొదటి ప్రయత్నంలోనే కరెక్టయ్యాయి. నూటికి 69 అన్నమాట! తప్పులు ఎక్కువగా ఎక్కడ పడ్డాయో తెలుసా? మాటల మొదట్లో. ఒకటి రెండు అక్షరాలు దొరికాక మిగతా మాట దానంతటదే వచ్చేసింది.

ఆ తర్వాత రెండేళ్లకు, 1953లో విల్సన్ టేలర్ ఈ ఆటను పత్రికల దగ్గరికి తెచ్చారు. పేరాలో ప్రతి అయిదో మాటో ఆరో మాటో కొట్టేసి పాఠకులను పూరించమన్నారు. ఎక్కువ ఖాళీలు సరిగ్గా నిండితే ఆ రాత సులువైనది. నిండకపోతే కష్టమైనది. పత్రికా రచనకు సంబంధించిన జర్నల్లో వచ్చిన ఆ పద్ధతే తర్వాత్తర్వాత భాషా పరీక్షల్లో స్థిరపడిపోయింది. చదవడం అంటే కళ్లతో అక్షరాలు ఏరుకోవడం ఒక్కటే కాదనీ, ముందున్నదాన్ని పసిగడుతూ పోవడమనీ ఈ ముగ్గురి లెక్కలూ చెప్పకనే చెప్పాయి.

సందివ్వని సంభాషణ

ఇద్దరు కబుర్లాడుకుంటున్నప్పుడు గమనించండి. ఒకరి మాట పూర్తవడం, రెండోవారిది మొదలవడం... మధ్యలో సందే ఉండదు. ఆ సందు ఎంతో కొలిచారు పరిశోధకులు. జపనీస్, డేనిష్, కొరియన్, ఇటాలియన్ సహా పది భాషల్లో ప్రశ్నలకూ జవాబులకూ మధ్య ఎడం చూశారు. 2009లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం సగటు 200 మిల్లీసెకన్లు. అంటే సెకనులో అయిదో వంతు. రెప్పపాటంత!

మరి ఒక్క మాట పలకడానికి మెదడుకు ఎంతసేపు పడుతుంది? బొమ్మ చూపించి పేరు చెప్పమంటే నోరు తెరవడానికి సుమారు 600 మిల్లీసెకన్లు కావాలి. 600 పట్టే పని 200లో ఎలా అయింది? దీనికి జవాబు ఒకటే. ఎదుటివారి వాక్యం పూర్తయ్యేదాకా ఎవరూ ఆగడం లేదు. అది ఎక్కడికి పోతోందో, ఎప్పుడు ఆగుతుందో ముందే పట్టేసి, జవాబు వండటం మొదలెట్టేస్తున్నారు. అత్తగారు 'ఏమ్మా, కూర...' అంటుండగానే కోడలు 'దించేశానత్తయ్యా' అనేది అందుకే.

చెప్పేవాళ్లకీ ఈ సంగతి తెలుసు. తెలిసి చేస్తారనలేం గానీ, చేస్తారు. 1963లో ఫిలిప్ లీబర్‌మన్ ఓ చిన్న ప్రయోగం చేశారు. అందరికీ తెలిసిన ఇంగ్లిష్ సామెత ఒకటుంది, 'తొమ్మిది' అనే మాటతో ముగుస్తుంది. సామెతలో పలికిన 'తొమ్మిది'ని కత్తిరించి విడిగా వినిపిస్తే జనం సరిగ్గా గుర్తుపట్టలేకపోయారు. 'మీరిప్పుడు వినబోయే అంకె తొమ్మిది' అన్న వాక్యంలోంచి కత్తిరిస్తే తేలిగ్గా గుర్తుపట్టారు. ఎలాగూ తెలిసిపోయే మాటను నోరు మింగేస్తుంది. తెలియని మాటను ఒత్తి పలుకుతుంది.

మాట్లాడుతూ మాట్లాడుతూ 'అదీ...', 'మరేమో...', 'అదేంటంటే...' అని నసుగుతారు చూడండి, దానికీ ఓ లెక్కుంది. లండన్‌లో పనిచేసిన ఫ్రీడా గోల్డ్‌మన్-ఐస్లర్ 1958లోనే చెప్పారు... వినేవాళ్లు సులువుగా ఊహించలేని మాట ముందే చెప్పేవాళ్లూ ఎక్కువగా ఆగుతారని. అంటే ఇద్దరికీ కష్టమైన చోటు ఒకటే.

నిప్పుతో తడిపితే...

ఊహ తప్పితే మెదడులో ఏమవుతుంది? 1980లో అమెరికాలోని శాన్‌డియాగోలో మార్టా కుటాస్, స్టీవెన్ హిల్యార్డ్ ఈ సంగతి తేల్చారు. కొందరి తలకు ఎలక్ట్రోడ్లు అమర్చి, తెర మీద వాక్యాలను ఒక్కో మాటగా చూపించారు. వేడివేడి బ్రెడ్డు మీద ఏదో పూశాడన్న వాక్యం అది. వెన్న అని వస్తుందని ఎవరైనా అనుకుంటారు. కానీ 'సాక్సులు' అని వచ్చింది! సరిగ్గా ఆ మాట కనిపించాక 400 మిల్లీసెకన్ల ప్రాంతంలో మెదడు నుంచి వచ్చే విద్యుత్ సంకేతంలో ఓ పెద్ద కదలిక నమోదైంది. దానికి 'ఎన్‌400' అని పేరు పెట్టారు. మాట ఎంత ఊహించనిదైతే కదలిక అంత పెద్దది.

ఈ సాక్సుల వాక్యం తర్కశాస్త్రం చదివినవాళ్లకు కొత్తగా అనిపించదు. తెలుగువాడని పండితులు చెప్పే అన్నంభట్టు 17వ శతాబ్దంలో 'తర్కసంగ్రహం' రాశాడు. వాక్యానికి అర్థం తెలియాలంటే మూడు కావాలంటుంది ఆ గ్రంథం. ఒకటి ఆకాంక్ష... ఒక మాట ఇంకో మాట కోసం ఎదురుచూడటం. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసగా చెబితే దేనికీ దేనితోనూ పని లేదు కాబట్టి అది వాక్యం కాదు. రెండు యోగ్యత... అర్థాలు పొసగడం. నిప్పుతో తడిపాడంటే పొసగదు. మూడు సన్నిధి... మాటలు ఎడం లేకుండా రావడం. 'ఆవును' అని ఇప్పుడు అని, 'తీసుకురా' అని జాము తర్వాత అంటే ఎవరికి అర్థమవుతుంది? నైయాయికులు మాట్లాడింది మెదడులోని సంకేతాల గురించి కాదు. అయినా నిప్పుతో తడపడానికీ సాక్సులు పూయడానికీ చుట్టరికం కనిపిస్తూనే ఉంది. ఒక మాట మరో మాట కోసం ఎదురుచూస్తుందన్న ఎరుక వాళ్లకు బాగానే ఉంది.

కళ్లు కూడా ఈ ఎదురుచూపును బయటపెట్టేస్తాయి. జెరీ ఆల్ట్‌మన్, యూకీ కమీడే 1999లో ప్రచురించిన ప్రయోగంలో ఓ బొమ్మ ఉంటుంది. అందులో పిల్లాడు, కేకు, కొన్ని ఆటవస్తువులు. ఇంగ్లిష్‌లో 'పిల్లాడు తింటాడు' అన్నంతవరకూ వినిపించగానే చూసేవాళ్ల కళ్లు కేకు మీదికి పరుగెత్తాయి. కేకు అనే మాట ఇంకా రానేలేదు! 'కదుపుతాడు' అంటే మాత్రం అలా ఒక్కదాని మీదికే వెళ్లలేదు.

ఇంగ్లిష్‌లో క్రియ మధ్యలోనే వచ్చేస్తుంది. తెలుగులో చివర్న కదా, మరి ఊహించడం ఎలా? ఈ అనుమానానికి జపనీస్ నుంచి ఆధారం దొరికింది. ఆ భాషలోనూ తెలుగులోలాగే క్రియ చివరే ఉంటుంది, విభక్తులు ఉంటాయి. 2003లో వచ్చిన అధ్యయనంలో జపనీయులు హోటల్లో వడ్డించే అమ్మాయి, 'కి' లాంటి విభక్తితో కస్టమరు... ఈ రెండూ వినగానే బొమ్మలోని హాంబర్గర్ వైపు చూశారు. క్రియతో పనిలేకుండా ఆ చిన్న విభక్తే దారి చూపించింది. తెలుగువాళ్లకు ఇది అనుభవమే. 'తాతయ్య మనవడికి...' అనగానే ఏదో ఇవ్వబోతున్నాడనే అనుకుంటాం. 'తాతయ్య మనవణ్ని...' అంటే ఎత్తుకుంటాడో, కోప్పడతాడో!

అలాగని వాక్యంలో ప్రతి మాటా ముందే తెలిసిపోతుందనుకుంటే పొరపాటు. ఎంత నిక్కచ్చిగా ఊహిస్తామన్న దానిపై శాస్త్రవేత్తల్లోనే వాదులాట నడిచింది. రాబోయే మాటకు ముందుండే చిన్న ఇంగ్లిష్ పదాన్ని బట్టి మెదడు శబ్దంతో సహా ఊహిస్తుందని 2005లో ఓ ప్రఖ్యాత ప్రయోగం చెప్పింది. 2018లో బ్రిటన్‌లోని తొమ్మిది ల్యాబ్‌లు కలిసి 334 మందితో దాన్ని మళ్లీ చేసి చూశాయి. అర్థానికి సంబంధించిన ఫలితం నిలబడింది. శబ్దం దాకా ఊహిస్తుందన్నది మాత్రం గట్టిగా నిలబడలేదు. కాబట్టి ఇది జోస్యం కాదు. వాతావరణ కేంద్రం చెప్పే వాన కబురు లాంటిది. దేనికెంత అవకాశమో చెబుతుంది, అంతే.

వినపడింది అనుకుంటే...

1970లో రిచర్డ్ వారెన్ ఓ వాక్యం రికార్డు చేసి, అందులో ఒక మాట మధ్య నుంచి ఒక శబ్దాన్ని తీసేసి అక్కడ దగ్గు పెట్టారు. 20 మందికి వినిపించి, ఏదైనా శబ్దం లోపించిందా అని అడిగారు. 19 మంది ఏమీ లేదన్నారు. ఆ ఒక్కరూ వేరే శబ్దం పేరు చెప్పారు! లేని శబ్దాన్ని మెదడే అతికించి వినిపించిందన్నమాట.

బస్టాండు రొదలో, పెళ్లి సన్నాయిల మధ్య ఎదుటివాళ్ల మాట అందేది ఈ అతుకుల వల్లే. కానీ అతుకు ఒక్కోసారి కొంపముంచుతుంది. కురుక్షేత్రంలో ద్రోణుడికి అశ్వత్థామ చావు కబురు చెవిన పడింది. ఏనుగు అన్న మాట పడలేదు. తండ్రి గుండె మిగతాది తానే పూరించుకుంది. అస్త్రం జారిపోయింది.

ఇంట్లో జరిగేవి ఇంత పెద్దవి కాకపోవచ్చు. కానీ తెలుగులో కాదనే మాట క్రియలోనే ఇమిడి, చివర్న ఉంటుంది. 'ఈ మాత్ర పాలతో వేసుకోండి' అన్నదానికీ, 'ఈ మాత్ర పాలతో వేసుకోకండి' అన్నదానికీ తేడా ఒక్క అక్షరం. పాలతో మాత్ర వేసుకునే అలవాటున్న పెద్దాయన చెవికి ఫోన్లో ఏది వినిపిస్తుంది? అందుకే ఇలాంటివి చెప్పేటప్పుడు 'పాలతో వద్దు, మంచినీళ్లతోనే' అని విడగొట్టి చెప్పడం, విన్నవాళ్ల చేత మళ్లీ ఒకసారి చెప్పించుకోవడం మంచిది.

పెద్దవయసులో వినికిడి తగ్గినవాళ్ల మీద ఓ నింద ఉంటుంది. 'ఆయనకు కావాల్సినవి మాత్రం బాగానే వినపడతాయి' అని. పాపం, అందులో ఆయన తెలివేం లేదు. రోజూ వినే మాటలను సగం విని సగం పూరించుకుంటారు. కొత్త పేరు, ఫోన్ నంబరు, ఊరి పేరు... వీటిని ఊహించడానికి ఆధారం ఉండదు. అందుకే అక్కడే దొరికిపోతారు. వినికిడి తగ్గిన సంగతి ఇంట్లోవాళ్లకు ఆలస్యంగా తెలియడానికీ ఇదో కారణం. అరవడం కన్నా, ఎదురుగా కూర్చుని 'కరెంటు బిల్లు సంగతి తాతయ్యా' అని ముందు విషయం చెప్పి మొదలుపెడితే మేలు. ఆయన ఊహకు దారి దొరుకుతుంది. ఆ తర్వాత చెవి పరీక్ష ఎటూ తప్పదు.

గుర్తుండేది ఏది?

ఊహకీ జ్ఞాపకానికీ ఉన్న ముడిని మొదట లెక్కగట్టి చూపింది జార్జ్ మిల్లర్, జెన్నిఫర్ సెల్ఫ్రిడ్జ్. 1950లో వాళ్లు కొన్ని మాటల జాబితాలు తయారుచేశారు. ఒకదాంట్లో మాటలకు పొంతనే లేదు. ఇంకోదాంట్లో పక్కపక్క రెండు మాటలు పొసగుతాయి. మరోదాంట్లో నాలుగు, అయిదు... అలా అసలైన వాక్యం దాకా. పొంతన పెరిగేకొద్దీ జనం ఎక్కువ మాటలు గుర్తుపెట్టుకున్నారు. విచిత్రం ఏంటంటే, నాలుగైదు మాటల మేర పొసిగితే చాలు... మొత్తంగా అర్థం లేకపోయినా ఇంచుమించు అసలు వాక్యమంత బాగా గుర్తుంది.

పద్యం నోటికొచ్చినంత తేలిగ్గా వచనం ఎందుకు రాదో దీంతో కొంత అర్థమవుతుంది. యతి, ప్రాస, గణం... ఇవన్నీ రాబోయే మాట ఏ అక్షరంతో మొదలవ్వాలో, ఎంత పొడవుండాలో ముందే చెప్పేస్తాయి. మరిచిపోయినా వెతకాల్సిన చోటు చిన్నదైపోతుంది. వేమన పద్యంలో మూడు పాదాలు చెప్పినవాణ్ని నాలుగోది అడగక్కర్లేదు కదా.

మరి ఊహించని మాట గుర్తుండదా? అక్కడే ఉంది తమాషా. 2007లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ కార్లీ, ఆయన సహచరులు కొన్ని వాక్యాలు వినిపించారు. కొన్నింటిలో చివరి మాట ముందు 'అ...' అని నసుగు ఉంది. నసుగు ఉన్నప్పుడు ఊహించని మాటకు మెదడు పడే తడబాటు తగ్గింది. ఆనక పరీక్ష పెడితే, నసుగు తర్వాత వచ్చిన మాటలే కాస్త ఎక్కువగా గుర్తున్నాయి! 'ఏదో కొత్తది రాబోతోంది' అని నసుగు హెచ్చరించింది, చెవి రిక్కించుకుంది. కాబట్టి జ్ఞాపకానికి రెండు దారులు. ఊహకు అందేవి వరసగా గుర్తుంటాయి. చెవి నిక్కబొడుచుకునేలా చేసినవి విడిగా గుర్తుంటాయి. మంచి మేష్టారు పాఠంలో అసలు ముక్క చెప్పేముందు ఓ క్షణం ఆగేది ఊరికే కాదు.

ఈ కిటుకులన్నీ ఒకే వేదిక మీద చూడాలంటే తెలుగువాళ్లు అవధానానికి వెళ్లాలి. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు చేసేది షానన్ ఆటే! అవధాని ఒక అక్షరం చెబుతాడు. తర్వాత ఏ అక్షరం వేయబోతాడో పసిగట్టి, అది వద్దంటాడు పృచ్ఛకుడు. అవధాని ఇంకో దారి వెతుక్కోవాలి. అతని ఊహ ఎంత గురిగా ఉంటే ఇతనికి అంత కష్టం. వ్యస్తాక్షరిది ఇంకో పరీక్ష. ఓ వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి, ఇది ఏడోది, ఇది రెండోది అంటూ మధ్యమధ్యలో అందిస్తారు. వరస పోయిందంటే ఊహ ఊతం పోయినట్టే. వాటిని దాచుకుని, చివర్న వాక్యంగా కూర్చి చెప్పాలి. ఆఖర్న ధారణ. చెప్పిన పద్యాలన్నీ పొల్లుపోకుండా ఒప్పజెప్పాలి. అక్కడ ఛందస్సు మళ్లీ చేయి అందిస్తుంది.

చదివే ఇంట్లో చెవి చురుకు

ఈ ఊహ మనిషికి ఎప్పుడు అబ్బుతుంది? మాటలు రాకముందే! 1996లో జెన్నీ సాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిసా న్యూపోర్ట్ ఎనిమిది నెలల పసివాళ్లకు రెండు నిమిషాల పాటు ఓ శబ్దాల వరస వినిపించారు. 'బిడాకుపడోటిగొలాబు...' అంటూ విరామం లేకుండా సాగుతుందది. 'బిడా' తర్వాత ఎప్పుడూ 'కు'నే వస్తుంది. 'కు' తర్వాత ఏదైనా రావచ్చు. ఏది ఒక మాటో, ఎక్కడ మాట తెగుతుందో తెలియడానికి అదొక్కటే ఆధారం. ఆ రెండు నిమిషాల్లోనే బుజ్జాయిలు తేడా పట్టేశారు.

అయితే పుట్టుకతో వచ్చిన ఈ నేర్పుకు పదును పెట్టేదేంటి? దీనికి మనదేశంలోనే జరిగిన పరిశోధన దారి చూపింది. ప్రస్తుతం హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా ఉన్న రమేశ్ మిశ్రా అలహాబాద్‌లో ఉన్నప్పుడు తన సహచరులతో కలిసి చేసిన పని ఇది. 2012లో వెలువడింది. హిందీలో 'ఎత్తయిన' అనే మాట తర్వాత వచ్చే నామవాచకం పురుషలింగమా స్త్రీలింగమా అన్నదాన్ని బట్టి 'ఊంచా' అవుతుంది, లేదా 'ఊంచీ' అవుతుంది. అంటే ఆ విశేషణంలోనే రాబోయే మాటకు ఆచూకీ ఉంది. బొమ్మలు చూపిస్తూ ఇలాంటి వాక్యాలు వినిపిస్తే, బాగా చదువుకున్నవాళ్ల కళ్లు అసలు మాట రాకముందే ఆ బొమ్మ మీదికి వెళ్లాయి. చదువు పెద్దగా లేనివాళ్లు ఆ మాట విన్నాకే చూశారు.

వాళ్లకు భాష రాదని కాదు దీనర్థం. అదే హిందీ, అంతే ధారాళంగా మాట్లాడతారు. బడికి వెళ్లడంతో పాటు వచ్చే వేరే తేడాలూ ఇందులో ఉండొచ్చు. అయినా చదివే అలవాటు కంటికే కాదు, చెవికీ పదును పెడుతుందన్న సూచన మాత్రం బలంగా ఉంది. పుస్తకంలో కళ్లు గబగబా ముందుకు సాగాలి. కూడికగా కాక, ఊహగా చదవాలి. ఆ సాధనే వినేటప్పుడూ పనికొస్తుంది. ఇంగ్లిష్ మీడియంలో చదివే పిల్లలకు తెలుగు కథ ఒకటి పడుకునేముందు చదివి వినిపించడం, మధ్యలో ఆపి 'తర్వాత ఏమై ఉంటుందిరా?' అని అడగడం అందుకే వృథా పోదు.

యంత్రం ఊహిస్తే...

ఇప్పుడు సెల్‌ఫోన్‌లో నాలుగు అక్షరాలు కొట్టగానే తర్వాతి మాట అదే చూపిస్తుంది. 2022 నవంబరులో వచ్చిన చాట్‌జీపీటీ లాంటివాటికి మూలం కూడా ఇదే. లక్షల కోట్ల మాటల ముక్కలు చదివించి, తర్వాతి ముక్క ఏంటో చెప్పడం నేర్పించారు. మార్కోవ్ చేత్తో చేసిన లెక్కే ఊహకందనంత పెద్దదైంది. అదే ఏడాది వెలువడిన ఓ పరిశోధనలో, న్యూయార్క్‌లో మూర్ఛ చికిత్స కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చిన తొమ్మిది మందికి అరగంట కథా కార్యక్రమం వినిపించి చూశారు. మాట వినపడటానికి ముందే ఆ మాట తాలూకు జాడ మెదడులో కనిపించింది. యంత్రాల ఊహకు అది చాలాచోట్ల దగ్గరగా ఉంది కూడా.

అయితే రెండూ ఒకటేనా? ఎనిమిది నెలల పాపకు రెండు నిమిషాలు చాలింది. యంత్రానికి గ్రంథాలయాలు కావాలి. పైగా పాప మాట కోసమే చూడదు. అమ్మ ముఖం వైపు, చూపుడువేలు వైపు కూడా చూస్తుంది. ఎదుటివాళ్లు ఏమంటారన్నదే కాదు, ఎందుకంటున్నారన్నదీ ఆమె ఊహలో భాగమే.

వాక్యం వాళ్లదే!

ఈ ఊహాశక్తి అన్నిటికన్నా అక్కరకొచ్చేది, అన్నిటికన్నా అడ్డొచ్చేది కూడా ఒకచోటే. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషి మంచం దగ్గర. ఉప్పు డబ్బా చూపించి ఇదేంటంటే చెప్పలేకపోతారు. ఏం చెప్పాలో తెలుసు, మాట దొరకదు. అదే మనిషి చాలాసార్లు ఒకటి రెండు మూడు అంటూ అంకెలు వరసగా చెప్పేస్తారు. వారాల పేర్లు, చిన్నప్పటి పాట కూడా వచ్చేస్తాయి. అలవాటైన వరసలో ఒక మాట ఇంకోదాన్ని లాక్కొస్తుంది మరి. స్పీచ్ థెరపిస్టులు ఈ దారినే వాడుకుంటారు. 'కూరలో కాస్త కారం, కాస్త...' అని ఆపుతారు. పొరపాటున తాళం తెరుచుకున్నట్టు 'ఉప్పు' అనే మాట బయటికొస్తుంది. మెల్లమెల్లగా ఆసరా తగ్గిస్తూ పోతారు.

ఇక అడ్డొచ్చే సంగతి. ఆ మనిషి 'నాకు... నాకు...' అనగానే ఇంట్లోవాళ్లు అందుకుంటారు. 'మంచినీళ్లా? దుప్పటా? ఫ్యానా?' అని. ప్రేమతోనే. కానీ ప్రతిసారీ వాక్యం వేరేవాళ్లు పూర్తిచేస్తుంటే, ఆయనకు ప్రయత్నించే అవకాశమే ఉండదు. పైగా ఊహ తప్పితే కోపం, నిస్సహాయత. నత్తి ఉన్న పిల్లల విషయంలోనూ ఇంతే. అందుకే థెరపిస్టులు పదేపదే చెబుతారు... ఆగండి, ముఖం వైపు చూడండి, సమయం ఇవ్వండి. సాయం చేయమంటారా అని అడిగాకే అందించండి. అవునో కాదో తల ఊపితే సరిపోయే ప్రశ్నలు వేయండి అని.

తర్వాతి మాట ఏంటో తెలిసిపోవడం మెదడు తీరు. తెలిసినా ఆగి, ఎదుటివాళ్ల నోటి నుంచి వచ్చేదాకా ఓపిక పట్టడం మనిషి తీరు. ఆ ఆగిన రెండు నిమిషాల తర్వాత వచ్చే మాట కొన్నిసార్లు ఇంట్లో ఎవరూ ఊహించనిదై ఉంటుంది!